దొంగ ఊపిరి

తెరమీద గడ్డ గీత దాటి బయటికి వచ్చేసింది.

క్యాన్సర్ ఆసుపత్రి ఫిజిసిస్టు తెరకు దగ్గరగా వంగింది. ఊపిరితిత్తిలోని ఆ గడ్డమీద కిరణాలు ఎటునుంచి, ఎంత పడాలో లెక్కకట్టి, చుట్టూ గీత గీసింది ఆమే. లోపల బల్లమీద పడుకున్నది బ్యాండులో ట్రంపెట్ వాయించే పెద్దాయన. కిరణాలు వదిలే ముందు సరిచూసుకునే స్కానులో, ఆయన గాలి పీల్చినప్పుడల్లా గడ్డ వేలెడు కిందికి దిగుతోంది. ప్లాను కోసం స్కాను తీసిన రోజున అది కదిలీ కదలనట్టుంది. ఇప్పుడు మీట నొక్కితే కిరణాలు గడ్డను సగం వదిలేసి, పక్కనున్న మంచి భాగాన్ని కాల్చేస్తాయి.

"ఆపండి!" అంది, మీట దగ్గరున్న టెక్నీషియన్‌తో.

యంత్రాన్ని అనుమానించింది. అది బాగానే ఉంది. మనిషి పక్కకు జరిగాడేమోనని చూసింది. వెన్నెముక ఉన్నచోటే ఉంది. చివరికి తన గీతనే అనుమానించి పాత స్కాను తెరిచింది. అందులో ఊపిరి ఎత్తుపల్లాలను చూపే అలలు చిన్నవి, అన్నీ ఒకే ఎత్తు. ఈరోజువి పెద్దవి, ఎగుడుదిగుడు. జబ్బుమనిషి ఊపిరి అంత పొందిగ్గా ఉంటుందా?

మన ఇళ్లలో ఒక అలవాటుంది. డాక్టరు ఎలా ఉందని అడగ్గానే, ఆయాసాన్ని గుమ్మం బయట వదిలేసి "బానే ఉందండీ" అంటాం. ఫిజిసిస్టుకు అదే తట్టింది. లోపలికి వెళ్లింది.

"బాబాయ్‌గారూ, మొదటి స్కాను రోజు ఊపిరెలా తీసుకున్నారు?"

"పైపైనే! ఒక్క దగ్గు రానిచ్చానా? ట్రంపెట్ వాణ్ణమ్మా, ఊపిరి నా చెప్పుచేతల్లో ఉంటుంది. పాసయ్యాను కదా?"

"మరి ఇవాళ?"

"పరీక్ష అయిపోయిందిగా. హాయిగా పీలుస్తున్నా. కావాలంటే మళ్లీ అలాగే పీలుస్తాలే."

"మధ్యలో దగ్గొస్తే?"

ఆయన నవ్వబోయి దగ్గాడు.

"ఇదీ నాకు కావలసింది! మామూలుగా పీల్చండి, వస్తే దగ్గండి. అలాగే మళ్లీ స్కాను తీసి కొత్త ప్లాను వేస్తాను. ఇంతకీ ఇది పరీక్షని ఎవరు చెప్పారు?"

పెద్దాయన కళ్లు తలుపువైపు వెళ్లాయి.

తలుపు బయట ఆయన భార్య, ఆమె తమ్ముడు కూర్చున్నారు. పక్కన కూర్చున్న రోగులందరికీ అడక్కుండానే సలహాలు పంచే మనిషి ఆ తమ్ముడు. ఫిజిసిస్టు వాళ్లకు సంగతంతా చెప్పి, "కిరణాలింకా పడలేదమ్మా, నష్టమేమీ జరగలేదు" అంది. పెద్దావిడ ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"చల్లగా ఉండు తల్లీ! మా మనిషిని నిలబెట్టావు."

తమ్ముడు లేచాడు. అక్కతో అన్నాడు:

"అక్కా, నేనే చెప్పాను. ఊపిరితిత్తులు బాగా పాడైతే వైద్యం చెయ్యకుండా ఇంటికి పంపేస్తారని ఎవరో అంటే నమ్మేశా. దగ్గకు బావా, గట్టిగా ఉన్నట్టు కనపడు అని నూరిపోశా. బావని కాపాడుతున్నాననుకున్నానే! ఈ తల్లి చూసి ఆపబట్టి సరిపోయింది. నీకు దణ్ణం పెడతానమ్మా. ఇక్కడ కూర్చున్నవాళ్లందరికీ ఇకనుంచి ఈ ఒక్క సలహానే ఇస్తా. డాక్టరు ముందు బాగున్నట్టు నటిస్తే, వైద్యం ఆ నటనకే జరుగుతుంది. జబ్బు మన దగ్గరే ఉండిపోతుంది."