తోర్త్‌జోల్‌లో రెండు దొంగతనాలు

పోలీసు కెప్టెన్ తుర్సుంబెక్ నా తమ్ముడి చేతులకు బేడీలు వేస్తున్న సమయానికి నేను కొట్టుగదిలో కజీ కోసం వెతుకుతున్నాను.

"కుల్పాష్ అక్కా, బయటికి రా. నీ తమ్ముణ్ణి తీసుకెళ్తున్నా," అని హోటల్ హాల్లోంచి కేకేశాడు.

"ఒక్క నిమిషం ఆగు. నా కజీ పోయింది," అన్నాను.

తర్వాత తమ్ముడి సంగతి బుర్రకెక్కి పరుగెత్తుకొచ్చాను. అప్పటికే జక్సిలిక్ బేడీల చేతులతోనే టీ కప్పు ఎత్తి తాగుతున్నాడు. వాడికి ముప్పయ్యారేళ్ళు. మూడు సంబంధాలు తప్పిపోయాక నాలుగోది కుదిరింది. పెళ్ళి వచ్చే నెల.

ఆ ఉదయం మా తోర్త్‌జోల్‌లో రెండు దొంగతనాలు జరిగాయి. ఒకటి, నాలుగు రోడ్లూ కలిసేచోట నిటారుగా నిలబడి ఉండే పెళ్ళికూతురు రాయి. రెండు, ఒంటిగంటకు వచ్చే కమిషన్ వాళ్ళ భోజనానికని నేను దాచిన కజీ. గుర్రం పక్కటెముకల మాంసం వెల్లుల్లితో కూరి, శీతాకాలమంతా ఎండబెట్టిన చుట్ట. ఊరంతా మొదటి దొంగతనం గురించే మాట్లాడుతోంది. రెండోదాని గురించి ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నే.

మా ఊరి గురించి కొంచెం చెప్పాలి. ఉత్తరం రోడ్డు పడితే గోధుమలు, దక్షిణం రోడ్డు పడితే పుచ్చకాయలు, తూర్పున చైనా సరిహద్దు, పడమర నా మొగుడు పారిపోయిన పట్నం. ఇక్కడ పుట్టినవాళ్ళు తక్కువ. బండి చెడిపోయి దిగినవాళ్ళు ఎక్కువ. మా అత్త చెప్పేదాన్నిబట్టి ఊరు మొదలైంది కూడా అలాగే. పుచ్చకాయల లారీ ఒకటి ఇరుసు విరిగి ఇక్కడ కూలబడింది. విడిభాగం వచ్చేలోపు కాయలు కుళ్ళిపోతాయని డ్రైవర్ రోడ్డు మీదే అమ్మడం మొదలుపెట్టాడు. ఇంటికి రాని మొగుణ్ణి తిట్టడానికి వచ్చిన పెళ్ళాం పక్కనే టీ పొయ్యి పెట్టింది. విడిభాగం వచ్చేసరికి వాళ్ళకి ఇక్కడ గుడిసె, మేక, ఇద్దరు శత్రువులు ఉన్నారు. ఆ లారీ ఇప్పటికీ కదల్లేదు. అందులో మా అకిం, అంటే ఊరి పెద్ద అధికారి, కోళ్ళు పెంచుతున్నాడు.

కానీ బళ్ళో పిల్లలకి ఈ చరిత్ర చెప్పరు. ఎసెంగెల్ది మాస్టారు రాసిన పుస్తకం చెబుతారు. దాని ప్రకారం తోర్త్‌జోల్ వయసు రెండువేల ఏళ్ళు. పట్టు మోసే ఒంటెలు ఇక్కడే మోకరిల్లేవి. ఖాను కూతురు ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని పారిపోతూ ఈ కూడలికొచ్చి, ఏ దారి పట్టాలో తేల్చుకోలేక రాయైపోయింది. బరువు రెండు టన్నులు. పుస్తకంలో పదకొండో పేజీ. నేను కూడా బట్టీపట్టాను, తప్పు చెప్పి దెబ్బలు కూడా తిన్నాను.

చిక్కంతా ఆ రాయితోనే వచ్చింది. పర్యాటకులు వస్తారన్న ఆశతో మా అకిం ఆ రాయిని రక్షిత కట్టడంగా ప్రకటించమని పై అధికారులకు ఉత్తరం రాశాడు. పోయిన వారం జవాబొచ్చింది. చాలా సంతోషం, రాయి నిజంగా అంత పురాతనమైతే కొత్త హైవే దానికి ఐదు కిలోమీటర్ల దగ్గరకు రాకూడదు, రోడ్డు పక్కకు తిప్పేస్తాం, తేల్చడానికి రాళ్ళ నిపుణురాలిని కమిషన్‌తో పంపుతున్నాం, ఆమె రంధ్రం చేసి చూస్తుంది. అకిం ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి మంచం పట్టాడు. రోడ్డు లేని తోర్త్‌జోల్ అంటే వట్టి గాలి. నా హోటలు, టైర్ల షాపు, పెట్రోలు బంకు, చివరికి లారీలాపి కెప్టెన్ చేయించుకునే మర్యాదలు కూడా, అన్నీ పోతాయి.

అందుకే రాయి మాయమైందనగానే ఊరంతా పైకి అయ్యో అంది, లోపల ఊపిరి పీల్చుకుంది. ఎత్తుకెళ్ళడానికి కారణం అందరికీ ఉంది. క్రేను మాత్రం నా తమ్ముడొక్కడికే ఉంది.

"రెండు టన్నులు," అన్నాడు కెప్టెన్, నా ముందు వేళ్ళు రెండు చూపిస్తూ. "ఎత్తాలంటే క్రేను కావాలి. ఊళ్ళో క్రేను ఒకటే. ఇంకేం కావాలి నీకు?"

"క్లచ్చు పోయి పది రోజులైంది," అన్నాడు జక్సిలిక్. "నీ జీపుని గుంటలోంచి లాగినప్పుడే కదా పోయింది. నువ్వు తాగి నిద్రపోతున్నావు, నీకు గుర్తుండదులే."

టేబుళ్ళ దగ్గర కూర్చున్న లారీ డ్రైవర్లు నవ్వారు. కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"రాత్రికి రాత్రి బాగుచేసుకుని ఉంటావు. కమిషన్ వచ్చేసరికి నా చేతిలో దొంగ ఉండాలి. లేకపోతే నా భుజం మీద నక్షత్రాలుండవు. రక్షిత కట్టడం దొంగతనం అంటే ఎనిమిదేళ్ళు, తెలుసా?"

"ఇంకా రక్షితం కాలేదు కదా," అన్నాను.

"కాబోయేది కదా. అది ఇంకా పెద్ద నేరం."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఒంటిగంటకు వాడు నా తమ్ముణ్ణి కమిషన్‌కి అప్పజెప్పి జిల్లా కేంద్రానికి తీసుకెళ్తాడు. పెళ్ళికూతురు వాళ్ళు ఆ మాట వింటే ఈ సంబంధం కూడా పోయినట్టే. నాలుగు రోడ్లున్న ఊళ్ళో నా తమ్ముడికి ఐదో సంబంధం తేవడం నా వల్ల కాదు.

పొయ్యి పక్కన తన మామూలు చోట ఎసెంగెల్ది మాస్టారు కూర్చున్నారు. ఒళ్ళో పాత తోలు బ్యాగు, కళ్ళనిండా నీళ్ళు. మా కుక్క అక్తోస్ ఆయన కాళ్ళ దగ్గర పడుకుంది. మామూలుగా అది లారీ డ్రైవర్ల దగ్గర ఎముకల కోసం తిరుగుతుంది. ఆ రోజు పొద్దున్నుంచీ మాస్టార్ని వదలడంలేదు. మూగజీవానికి కూడా ఆయన దుఃఖం తెలిసిందని నలుగురూ అనుకున్నారు.

"నలభై ఏళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నాను," అన్నారు మాస్టారు. "ఏ పాపిష్టివాడో..."

"బాధపడకండి మాస్టారూ," అన్నాడు నా తమ్ముడు, బేడీల చేతులతో ఆయనకి టీ పోస్తూ. "దొరుకుతుంది. మన ఊళ్ళో పోయింది ఏదీ ఎక్కువ దూరం పోదు."

మాస్టారు కప్పులోకి చూస్తూ ఉండిపోయారు.

నేను మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. తమ్ముడు జైలుకి పోయినా పోకపోయినా ఒంటిగంటకు ఆరుగురు అధికారులకి భోజనం పెట్టాలి. వంటమనిషి గుల్బర్షిన్ నాకు వీపు తిప్పి పిండి పిసుకుతోంది. ఎప్పుడూ నాకు ఎదురుగా నిలబడి పిసుకుతుంది, నోరు ఆడించాలి కదా.

"గుల్బర్షిన్, కొట్టుగది తాళం నీ దగ్గరా నా దగ్గరా తప్ప ఇంకెక్కడా లేదు."

"మీరే కదా చెప్పారు," అంది వెనక్కి తిరక్కుండా. "సుయిన్షి అడిగితే కాదనకూడదని."

మంచి కబురు ముందుగా మోసుకొచ్చినవాడు సుయిన్షి అని కేకేస్తాడు. అడిగినవాడికి చేతికందినదేదో ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే కబురు చెడిపోతుందని మా భయం. మా నాన్నమ్మ నేను పుట్టిన కబురికి ఉన్న ఒక్క శాలువా ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ చలికాలమంతా నన్నే తిట్టింది.

"కజీ ఇచ్చావా? చుట్ట మొత్తం?"

"చేతికి అదే అందింది. కబురు కూడా చిన్నదా? రోడ్డు ఎక్కడికీ పోదట. మన కూడలిలోంచే వేస్తారట. ఇంక కమిషన్ వచ్చినా ఏం చెయ్యలేదట. నాకైతే ఏడుపొచ్చింది కుల్పాష్ అక్కా. నా కూతురి చదువు ఈ హోటలు మీదే కదా."

"ఎప్పుడు?"

"ఆరింటికి. అప్పుడే పొయ్యి వెలిగించాను. బయట పొగమంచు, చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు."

నేను పిండి బల్లకి ఆనుకున్నాను. పొగమంచు విడిపోయింది ఎనిమిదిన్నరకి. అప్పుడే కదా బస్సు డ్రైవర్ అలవాటుగా కూడలి మధ్య గుండ్రంగా తిరిగి, తిరగడానికి అక్కడేమీ లేదని చూసి, బస్సాపి దిగి టోపీ తీసేశాడు. అప్పటిదాకా రాయి పోయిందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. పై ఊళ్ళనుంచి కబురూ రాలేదు. రోడ్డు ఉండిపోతుందని ఆరింటికే తెలిసిన మనిషి ఒక్కడే. ఆ రాయిని తీసినవాడు.

"ఎవరు?" అన్నాను.

గుల్బర్షిన్ చేతులు పిండిలో ఉన్నాయి. కిటికీలోంచి హాల్లోకి గడ్డంతో చూపించింది. నేను అటు చూశాను. అక్తోస్ ఇంకా అక్కడే ఉంది. ముక్కు తోలు బ్యాగు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, ప్రేమలో పడ్డదానిలా.

నాకు కోపం వెంటనే రాలేదు. నాకు అక్షరాలు నేర్పిన మనిషి. నా మొగుడు పారిపోయినప్పుడు, ఊళ్ళో ఆడవాళ్ళు నా హోటల్లోకి రాకుండా గుమ్మం ముందు నుంచే పోతున్నప్పుడు, లోపలికొచ్చి కూర్చుని గట్టిగా సూప్ అడిగిన మొదటివాడు. ఆ సూప్‌కి ఇప్పటిదాకా ఏమీ ఇవ్వలేదు, అది వేరే సంగతి. కానీ నా తమ్ముడు పోసిన టీ ఆయన ముందు ఇంకా పొగలు కక్కుతోంది. ఆయన తాగుతున్నారు కూడా.

పొద్దున కూడలిలో ఏరిన ముక్క నా ఆప్రాన్ జేబులో ఉంది. రాయి ఉన్న గుంతలో దొరికింది. అప్పుడు దేనికోసం తీసుకున్నానో నాకే తెలియదు. తీసి చూశాను. బూడిదరంగు పెచ్చు, అందులోంచి తుప్పు పట్టిన ఇనుప తీగ పొడుచుకొచ్చింది. ఖాను కూతురి ఒంట్లో ఇనుప తీగ ఎందుకుంటుంది?

హాల్లోకి వెళ్ళి ఆ పెచ్చును కెప్టెన్ టేబుల్ మీద పెట్టాను.

"ఇదేంటో చెప్పు."

"సిమెంటు," అన్నాడు. "నీ గోడ రాలిందా?"

"పెళ్ళికూతురు రాలింది. తుర్సుంబెక్, ఆ రాయిని ఎవరు తూచారు?"

"ఎవరు తూచడమేంటి? రెండు టన్నులు. అందరికీ తెలుసు."

"నీకెలా తెలుసు?"

"పదకొండో పేజీ," అన్నాడు, బళ్ళో నిలబెట్టిన పిల్లాడిలా.

జక్సిలిక్ పెచ్చును వేలితో తిప్పి చూశాడు. వాడికి ఇనుమూ సిమెంటూ చూస్తే తెలుస్తాయి.

"అక్కా, ఇది తీగకి పూత పూసిన డొల్ల. లోపల బోలు. ఇంతే మందం ఉంటే మొత్తం కలిపినా ఒక గొర్రె అంత బరువుండదు. దీనికి క్రేను దేనికి? గాడిద బండి చాలు."

"అదే నేనూ అనుకుంటున్నా," అన్నాను. "గాడిద బండి. ఆ రాయి బోలుదని ముందే తెలిసిన మనిషి. నిపుణురాలు రంధ్రం చేస్తే రెండువేల ఏళ్ళు ఆ రంధ్రంలోంచి కారిపోతాయని భయపడిన మనిషి."

కెప్టెన్ కలం తీశాడు. "పేరు?"

"ముందు ఆ మనిషికి ఒక అవకాశం ఇద్దాం. చెప్పాలనుకుంటే తనే చెబుతాడు. తప్పేం కాదు, నిజానికి ఊరిని కాపాడాడు. నేనే ఒక కజీ ఇస్తాను." అని ఆగాను. "ఇంకొకటి ఇస్తాను."

పొయ్యిలో కట్టె విరిగింది. మాస్టారు బ్యాగును ఒళ్ళోకి ఇంకొంచెం లాక్కున్నారు. అక్తోస్ కూడా దాంతోపాటే ముందుకు జరిగింది.

"రాళ్ళలో రకరకాలుంటాయి, అమ్మా కుల్పాష్," అన్నారు నెమ్మదిగా. "శాస్త్రం చాలా లోతైనది. నువ్వు బళ్ళో కూడా తొందరపడేదానివి."

"మాస్టారూ, మా తమ్ముడికి ఎనిమిదేళ్ళంటున్నారు."

"చట్టం తన పని తాను చేస్తుంది," అన్నారు, నా తమ్ముడి వైపు చూడకుండా. "వాడు కుర్రాడు. తిరిగొస్తాడు."

బయట ఉత్తరం రోడ్డు మీద రెండు కార్లు దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. కమిషన్ గంట ముందే వచ్చేసింది. ఆకలి మీద వచ్చి ఉంటారు. కెప్టెన్ లేచి జక్సిలిక్ భుజం పట్టుకున్నాడు.

నేను పొయ్యి దగ్గరకు నడిచి, ఆయన ముందున్న టీ కప్పు తీసి, మిగిలింది బూడిదలో పోశాను. వంగి తోలు బ్యాగు పట్టీ విప్పాను. ఆయన అడ్డుకోలేదు. వెల్లుల్లి వాసన హాలంతా పరుచుకుంది. అక్తోస్ లేచి నిలబడి తోకాడించింది.

"ఈ కజీ పొద్దున ఆరింటికి సుయిన్షిగా వెళ్ళింది, తుర్సుంబెక్," అన్నాను, కజీని పైకెత్తి అందరికీ కనబడేలా పట్టుకుని. "రోడ్డు ఎక్కడికీ పోదన్న కబురికి. పొగమంచులో, రాయి పోయిందని ఈ ఊళ్ళో ఒక్కరికీ తెలియకముందు. గుల్బర్షిన్ చేత్తో ఇచ్చింది, అడుగు. మా తమ్ముడి బేడీలు తియ్యి. రాయి దొంగ ఎసెంగెల్ది మాస్టారు."