బాగుచేసిన ఆంప్లిఫయరు

బాగుచేసినవాడిది తప్పెలా అవుతుందని శాంతయ్య పొద్దుటినుంచీ మూడోసారి అడిగాడు. అడగకుండా చేస్తే తప్పేనని భార్య కృపమణి కూడా మూడోసారే జవాబిచ్చింది. కూతురు క్రిస్టినా పొద్దుటి టిఫిను ఉగ్గాని ముట్టకుండా వరండాలో గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

శాంతయ్యకు కోయిలకుంట్లలో ముప్పై ఏళ్లుగా మైకుసెట్ల అంగడి ఉంది. పెళ్లిళ్లకూ చర్చి కూడికలకూ ఆయన సెట్టే పోతుంది. మాట తేటగా వినబడాలి, వెనక గుర్రుమనే మోత ఉండకూడదు. ఆయన పనంతా అదే.

క్రిస్టినా బ్యాండు బెంగళూరుది. సైకడెలిక్ బ్లూస్ రాక్ వాయిస్తారు. నెలలో ఇరవై రోజులు వ్యానులోనే గడుస్తాయి. ఒక్కో పాట పావుగంట, అందులో సగం మాటలే ఉండవు. ఆమె ఒకే స్వరాన్ని పట్టుకుని సాగదీస్తుంటే, నాన్న అంగడి మూలనుంచి ఎత్తుకుపోయిన పాత వాల్వుల ఆంప్లిఫయరు దాన్ని బొంగురు చేసి, అంచులు చింపి బయటికి పంపుతుంది. కింద పొలాల్లో బోరు మోటారులాగా ఒక మోత తిరుగుతూ ఉంటుంది. జనం వచ్చేది ఆ శబ్దం కోసమే.

రెండు ప్రయాణాల మధ్య నాలుగు రోజులు ఇంటికి వచ్చిన క్రిస్టినా, నిన్న స్నేహితురాలి పెళ్లికి నంద్యాల వెళ్లింది. ఆ పూట శాంతయ్య ఆ ఆంప్లిఫయరు పెట్టె విప్పాడు. కండెన్సర్లు మార్చి, కాగితం చిరిగిన స్పీకరు తీసేసి కొత్తది బిగించాడు. తీసినవి పాతసామాన్ల బండికి వేశాడు. బిడ్డ సంతోషిస్తుందనుకున్నాడు.

"ఇప్పుడు పాస్టరు ప్రార్థన చేస్తాన్నట్టు ఉండాది నాయినా," అంది క్రిస్టినా. "నాకు తాగినోడి గొంతు కావల్ల."

"ఆ గొంతుకైతే మన వీధిలో శానామంది ఉండారు," అన్నాడు తమ్ముడు జయకుమార్. కృపమణి చూసిన చూపుకు బైకు తీసుకుని పాతసామాన్లవాడి దగ్గరికి పోయాడు. సరుకు తెల్లారేసరికే లారీకి ఎక్కిపోయిందన్న కబురుతో తిరిగొచ్చాడు.

ఎల్లుండి బెంగళూరులో మొదలుపెడితే వరసగా పందొమ్మిది ఊళ్లలో కచేరీలు. కొత్త ఆంప్లిఫయర్లు ఇదివరకే వాడి చూశామనీ, ఆ శబ్దం లేకపోతే తమది పదింటిలో ఒక బ్యాండేననీ క్రిస్టినా తల్లితో చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది కృపమణికి.

శాంతయ్య పెట్టెను వరండాలోకి మోసుకొచ్చాడు. కొత్త కండెన్సరు ఒకటి ఊడదీసి, పాత రేడియోలోది అతికించాడు. కొంచెం గుర్రు వచ్చింది. తర్వాత బ్లేడు తీసుకుని స్పీకరు కాగితం మీద ఆనించాడు. చెయ్యి కదల్లేదు.

"చేతులారా చెడగొట్టమంటాండావు పాపా."

"చెడగొట్టేది కాదు. నేను వాయిస్తాంటా, నువ్వు ఇను."

కూతురి పాట ఆయన ఇంతవరకూ పూర్తిగా విన్నది లేదు. ఆమె వాయించింది, ఆయన కోశాడు. గాటు ఎక్కువైనచోట పలచని గుడ్డపేలిక అంటించాడు. మళ్లీ విని మళ్లీ కోశాడు. నాలుగో గాటుకు పక్కింటి హుసేనమ్మ గోడమీంచి తలపెట్టి, మోటారేమన్నా కాలిపోయిందా అని అడిగింది.

"ఇంకొంచెం కాలల్లమ్మా," అన్నాడు శాంతయ్య.

ఐదో గాటుకు క్రిస్టినా కళ్లు మూసుకుంది. ఆ పాట పావుగంటా ఆపలేదు.

మధ్యాహ్నం నలుగురూ కూర్చున్నాక శాంతయ్య ప్రార్థన చేశాడు. జొన్నరొట్టె తుంచుకుంటూ, ఆ గుడ్డపేలికలు వ్యాను కుదుపులకు రెండు రోజులు నిలవవని చెప్పాడు. ప్రతి ఊళ్లోనూ విప్పి, విని, మళ్లీ అంటించాల్సిందే. ఆ బ్యాండులో టంకం పెట్టడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అంగడినీ ఆదివారం చర్చి సెట్టునూ జయకుమార్ చూసుకోవాలి.

"నేనూ వ్యానులో పోతాండా," అన్నాడు శాంతయ్య. "పందొమ్మిది ఊళ్లకూ."