గోలీ భువన పుట్టినరోజు

రాజమండ్రిలో ఆ రోజుల్లో బడిలో చేరిన పిల్లల్లో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. అంటే, బడి రిజిస్టరులో పుట్టారు. భువనను ఒకటో తరగతిలో వేసినప్పుడు హెడ్మాస్టరు రామారావు గారు, "ఎనిమిది నెల్ల వయసు తక్కువైందండీ. జూన్ ఒకటి, ఎనభై ఏడు అని వేసేద్దాం. అమ్మాయికి ఓ ఏడాది కలిసొస్తుంది" అన్నారు. తండ్రి పార్థసారథి సంతోషంగా సంతకం పెట్టేశాడు. పిల్ల నిజంగా పుట్టింది ఎనభై ఎనిమిది ఫిబ్రవరి తొమ్మిదిన. ఆ బడి సర్టిఫికెట్ చూపించే పాస్‌పోర్టు తీశారు, ఆ పాస్‌పోర్టుతోనే సింగపూర్ వచ్చారు. మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన అసలు కాగితం తల్లి సత్యవాణి చీరల పెట్టెలో అడుగున పడి ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, చలికాలమే ఎరగని సింగపూర్‌లో కూడా, జురాంగ్ ఈస్ట్‌లో మంచు మీద ఆడే ఒక రింకు ఉండేది. పార్థసారథి ఫ్లాట్‌కి నడిచి వెళ్ళేంత దూరం. అది రెండు వేల సంవత్సరం. కీబోర్డు తాకిన ప్రతివాడి చేతిలో రెండు ఉద్యోగాలున్న రోజులు. ఆదివారాలు కూడా ఆఫీసులోనే పడుంటున్నాడని సత్యవాణి సణుగుతుంటే, ఆ పోరు పడలేక కూతుర్ని తీసుకెళ్ళి పన్నెండేళ్ళ లోపు పిల్లల ఐస్ హాకీ లీగులో చేర్పించాడు. ఫారం భువనే నింపింది. పుట్టిన తేదీ దగ్గర ఏటా తను కేకు కోసే తేదీ రాసింది. రోజంతా వేల లైన్ల కోడ్‌లో తప్పులు పట్టే ఈ పెద్దమనిషి కూతురి ఫారంలో ఏడు లైన్లు చదవకుండా సంతకం గీకేశాడు.

భువన గోలీ అయింది, అంటే గోల్ ముందు కాపలా. జనవరిలో మొదటి మ్యాచ్‌లో పదకొండు గోల్స్ వదిలేసి, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఫిబ్రవరి తొమ్మిదిన జట్టంతా రింకు పక్కనే కేకు తెచ్చి ఆమె చేత కోయించారు. పార్థసారథీ ఓ ముక్క తిన్నాడు. మార్చి దాటేసరికి ఆ నల్లటి రబ్బరు బిళ్ళ ఎటునుంచి వచ్చినా ఆమె చేతికే వచ్చేది. కూర తరుగుతున్న తల్లి ఏ బంగాళాదుంపో జారవిడిస్తే నేల తాకకముందే పట్టేసేది. ఏప్రిల్ చివర్లో జట్టు ఫైనల్‌కి చేరింది. ఆ ఫైనల్ తప్ప ఆ పిల్లకి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఫైనల్‌కి వారం ముందు లీగు సెక్రటరీ మిస్టర్ టాన్ అందరి పాస్‌పోర్టులూ అడిగాడు. ఎనభై ఎనిమిది జనవరి ఒకటికి ముందు పుట్టినవాళ్ళు ఆడకూడదు. భువన పాస్‌పోర్టు చూసి ఆయన కంగారుపడ్డాడు. తేడా ఎలా వచ్చిందో శనివారం ప్రాక్టీసుకి వచ్చి చెప్పమన్నాడు.

సత్యవాణి పెట్టె అడుగు నుంచి కాగితం తీసింది. "ఏవండీ, ఇది చూపించేద్దాం. మన బడుల్లో ఇలా వేసేస్తారని చెప్తే సరిపోద్ది కదా?"

"నీకేవైనా మతి పోయిందా? ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి పెట్టిన పీఆర్ అప్లికేషన్‌లో ఏ తేదీ రాశాం? జూన్ ఒకటి. రాసిందంతా నిజమేనని సంతకం కూడా పెట్టాను. ఇప్పుడు రెండో తేదీ బయటపడితే మనల్ని ఇక్కడ ఉండనిస్తారా?"

"అక్కడ అడుగుతోంది హాకీవాళ్ళండీ, ఇమిగ్రేషన్ వాళ్ళు కాదు."

"ఏ గోడకి ఏ చెవులున్నాయో నీకేం తెలుసు? లోపల పెట్టెయ్."

భువన గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఇట్స్ ఓకే మమ్మీ. డాడీ విల్ ఎక్స్‌ప్లెయిన్ లా" అంది సింగపూర్ యాసలో. అంత నమ్మకం ఆ పిల్లకి.

శనివారం రింకు దగ్గర టాన్ మర్యాదగానే అడిగాడు. ఫిబ్రవరిలో ఇక్కడే కేకు కోశాం కదా, మరి ఈ జూన్ ఏమిటి అన్నాడు. ప్యాడ్లు కట్టుకుని జట్టంతా చుట్టూ చేరింది. సత్యవాణి హ్యాండ్‌బ్యాగ్ మీద చెయ్యి వేసుకుని మొగుడి మొహం చూసింది. భర్త వద్దన్నా ఆ కాగితం తెచ్చింది.

పార్థసారథి నవ్వాడు. మా హిందువులకి పంచాంగం ప్రకారం వేరే పుట్టినరోజు ఉంటుంది సార్, కేకు దానికి అన్నాడు. పాస్‌పోర్టే కరెక్టు అన్నాడు. ఫారంలో అమ్మాయే తప్పు రాసింది అన్నాడు. అలవాటు లేని అబద్ధం, ఎంత తేలిగ్గా వచ్చిందో!

టాన్ భువన వైపు తిరిగి, నువ్వే రాశావా అని అడిగాడు. భువన తండ్రి వంక చూసింది. అతను మంచు వంక చూస్తున్నాడు. ఆమె తలూపింది. సత్యవాణి చెయ్యి బ్యాగ్ మీదే ఉండిపోయింది. ఆ చేతిని ఆమె తర్వాత ఎన్నాళ్ళో క్షమించుకోలేకపోయింది.

భువన ఆడిన మ్యాచులన్నీ ఓడినట్టే లెక్క కట్టారు. జట్టుకి ఫైనల్ దక్కకుండా పోయింది. "చీటర్!" అంది నిన్నటిదాకా ఆమెతో కలిసి రింకుకి నడిచొచ్చిన పిల్ల. భువన ప్యాడ్లు విప్పేసింది.

సెప్టెంబరులో పీఆర్ వచ్చింది. ఆ ఆదివారం లిటిల్ ఇండియాలో భోజనానికి కూర్చున్నప్పుడు హాకీ గొడవంతా విని పాత కొలీగ్ రంగనాథ్ అన్నాడు: "మావాడికీ రెండు తేదీలే గురూ. పీఆర్ కాగితాలతో పాటు ఓ అఫిడవిట్ పడేశాను. ఎవడూ ఎందుకని కూడా అడగలేదు." పార్థసారథికి పొలమారింది. ఎదురుగా కూర్చున్న భువన మాత్రం నీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపి మళ్ళీ తన ఆకులోకి తల దించుకుంది.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. సాఫ్ట్‌వేర్ బూమ్ చల్లబడి ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. తొమ్మిదో తారీఖున పార్థసారథి పెందలాడే ఇంటికొచ్చాడు. చేతిలో పెద్ద కేకు, చంకలో కొత్త గోలీ గ్లవ్స్. సత్యవాణి కొవ్వొత్తులు వెలిగించింది. అతను కూతురి చేతికి చాకు అందించాడు.

భువన చాకు పుచ్చుకోలేదు. కోపంగా కూడా లేదు, అదే అతన్ని భయపెట్టింది.

"ఇవాళ కాదు డాడీ. నా బర్త్‌డే జూన్ ఫస్ట్. నువ్వే కదా చెప్పావ్?" అంది.

హోంవర్క్ ఉందని లోపలికెళ్ళిపోయింది. పార్థసారథి కొవ్వొత్తులు తనే ఊదాడు.