ఐదో బెజ్జం

సీసాల బాబాయ్ పదకొండో పరీక్షనాళికలో బ్రష్షు దూర్చి తిప్పుతున్నాడు. ఆ పేరు కాలేజీ పిల్లలు పెట్టింది. ఉద్యోగం కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. యాసిడ్ తగిలి తగిలి వేళ్ల కొసలు పసుపుపచ్చబడ్డాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే సింకు, ఇదే కారే కుళాయి.

"ఇవాళైనా చెప్పి చావండి," అంది పొద్దున్నే భార్య. కెమిస్ట్రీ మేడం రిటైరయ్యేది ఇవాళే మరి.

గోడ అవతల మేడం ఆఖరి పాఠం చెబుతోంది. "కార్బన్ బయటి కక్ష్యలో నాలుగే ఎలక్ట్రాన్లు. అందుకే నాలుగే బంధాలు. ఐదోదానికి చోటు లేదు." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి ఆగిపోయింది.

ఆరేళ్ల కిందట, అణువుల నమూనాల్లో నల్ల చెక్కబంతి ఒకటి పోతే కొత్తది చేసింది ఇతనే. పుల్ల గుచ్చే బెజ్జం ఒకటి వంకరగా పడితే పక్కనే ఇంకోటి వేశాడు. వంకరది పూడ్చాలా వద్దా? బద్ధకం! ఎవరు చూడొచ్చార్లే అనుకున్నాడు. మర్నాడే తనిఖీ. వచ్చిన పెద్దమనుషుల ఎదుట ఓ పిల్ల ఆ కార్బన్‌కి ఐదు హైడ్రోజన్లు గుచ్చి చూపించింది. "మీరు నేర్పేది ఇదేనా మేడం?" అన్నాడొకాయన. అందరూ పకపకా నవ్వారు. మేడం మొహం పాలిపోయింది. "పొరపాటు నాదేనండీ," అంది. ఆ ఏడు ఆవిడకు రావలసిన ప్రిన్సిపాల్ పదవి ఇంకొకరికి పోయింది. తలుపు పక్కన ఇతగాడు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నోరు విప్పితే ఏం కొంప మునిగేదట? మహా అయితే నాలుగు తిట్లు పడేవి.

"సోడియం తన ఎలక్ట్రాన్ ఒకటి క్లోరిన్‌కి ఇచ్చేసి నిలకడ పడుతుంది," అంటోంది మేడం. తన తప్పు ఆవిడకిచ్చేసిన ఇతనికి మాత్రం ఆరేళ్లుగా నిలకడ లేదు.

బెల్లు కొట్టాక మేడం వచ్చి తాళాలగుత్తి బల్లమీద పెట్టింది.

"అన్నీ సరిచూసుకోవయ్యా."

"మేడం... ఒక్క మాటండి."

"చెప్పు."

అతను బల్లమీది సీసా ఒకటి అందుకున్నాడు. "కాస్టిక్ సోడా సీసా మూత బిగుసుకుపోయిందండి."

ఆవిడ ఆ సీసా అతని చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"ఆ బంతి చేసింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసయ్యా. నువ్వే వచ్చి చెబుతావని చూశాను. చెప్పుంటే ఒక్క మాట అనేదాన్ని కాదు."

సిగ్గుతో అతని తల వాలిపోయింది. మేడం బయటికి నడిచింది. మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి, పరిగెడితే అందుకోవచ్చు, కాళ్లు కదిలితేనా! కాసేపటికి కింద గేటు మూసిన చప్పుడైంది.

అతను కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, వెనక్కి తిరిగాడు. మేడం తెల్లకోటు కొక్కేనికి అలాగే ఉంది, చేతులు మోచేతుల దాకా మడిచి.