అత్తగారి కిటికీ వైపు

ఆమె పెరట్లో సోలార్ కుక్కర్‌ను ఎండకు తిప్పుతుంటే లోపలి నుంచి మొగుడి గొంతు వినబడింది. సాయంత్రం ఇంజనీరమ్మ వస్తుందట, ఇల్లు కాస్త సర్దాలట. ఆ మాటకే ఆమెకు ఒళ్లు మండింది.

ఆర్నెల్లుగా ఆ ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ఇంజనీరమ్మ భజనే. పప్పులో ఉప్పు తక్కువైందన్న నోటితోనే "ఆ అమ్మాయిది బుర్రంటే బుర్ర" అంటాడు మొగుడు. ఆయనా, ఇంజనీరమ్మా పనిచేసేది పర్యావరణ ఆఫీసులో. వంటచెరుకు కోసం కొండమీది అడవి నరక్కుండా చూడాలని ఆ ఆఫీసు ఇంటింటికీ సోలార్ కుక్కర్లు పంచాలనుకుంది. పరీక్షకని ముందు ఒకటి ఈ ఇంటికొచ్చింది. పరీక్ష ఆయనది, చాకిరీ ఈమెది. ఏ వేళకు ఎటు తిప్పితే అన్నం ఉడికిందో, మబ్బు పట్టిన రోజు పప్పు ఎంతసేపు నానాలో ఆమె నోటుపుస్తకంలో రాసేది. ఆయన దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్లి, తిరిగొచ్చి ఇంజనీరమ్మ ఏమందో చెప్పేవాడు. తన భార్య ఏం రాసిందో ఒక్కనాడూ అడగలేదు. ఆమె అద్దంలో నెరిసిన పాపిట చూసుకుని, ఎన్నడూ చూడని ఆ పిల్ల ముఖాన్ని ఊహించుకుని కుళ్లి చచ్చేది.

సాయంత్రం ఇంజనీరమ్మ రానే వచ్చింది. చెప్పుల నిండా దుమ్ము, చేతిలో కుక్కర్ వాడే పద్ధతి మీద ఆఫీసువాళ్లు అచ్చువేసిన చిన్న పుస్తకం. చక్కగానే ఉంది, పాడుపిల్ల. "బాగున్నారా అక్కా" అంటే సవతి పిలిచినట్టే అనిపించింది. టీలో పంచదార వేయబుద్ధి కాలేదు, వేయలేదు.

ఆ పిల్ల టీ తాగేసి పుస్తకం తెరిచింది.

"నాలుగు వందల ఇళ్లకు కుక్కరూ, ఈ పుస్తకమూ పంచాం సార్. పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. పదిన్నరకు అత్తగారి కిటికీ వైపు తిప్పాలని ఇందులో ఉంది. మా ఇంట్లో అత్తగారు లేరు, ఎటు తిప్పాలి అని అడుగుతున్నారు. మీరే కదా రాసింది, ఎటు సార్?"

మొగుడు గోడలకేసి చూశాడు. ఇరవై ఏళ్లలో ఆయన పెరట్లో నిలబడ్డది ఎన్నడు గనక. ఆమె తన గుర్తుకోసం రాసుకున్నది ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకుపోయాడు. ఆ పిల్ల ముందు ఒలకబోసిన తెలివంతా తన నోటుపుస్తకంలోదేనని ఆమెకప్పుడు తెలిసింది.

"దక్షిణానికి కాస్త తూర్పుగా," అంది ఆమె. "ఎండ ఉన్న వైపు పెడితే మాటిమాటికీ లేవాలి. అరగంటకు ఎండ ఎక్కడికొస్తుందో అటు పెట్టాలి."

ఇంజనీరమ్మ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. ఊరూరా ఆడవాళ్లకు ఇది చూపించాలి, వస్తారా అక్కా అని అడిగింది. ఆవిడకు ఇంటిపనితోనే సరిపోతుంది అన్నాడు మొగుడు.

ఆమె మనసంతా వెతుక్కుంది. మొగుడు చేజారిపోతాడన్న దిగులు ఎక్కడా లేదు. అసూయ మాత్రం తగ్గకపోగా ఇంకా పెరిగింది, గుమ్మంలో ఉన్న ఆ దుమ్ము చెప్పుల మీద. ఆ పిల్ల ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎంతమంది ఆమె మాట విన్నారో.

"వస్తాను. పుస్తకం మీద ఆయన పేరు కొట్టేసి నాది రాయండి."

ఇంజనీరమ్మ పెన్ను తీసింది. ఆమె పేరు చెప్పబోతూ మొగుడు నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు ఆమే తన పేరు చెప్పింది.