తూనీగ కబురు ఎక్కడ దాచింది?

గురువారం మధ్యాహ్నం సూర్యప్రభ షాపు మెట్లెక్కి వచ్చేసరికి సాధన ఎవరో కుర్రాడి బయోడేటాలో తండ్రి పేరు సరిచేస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి మెట్రో వైపు వెళ్లే దారిలో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఆ జెరాక్స్ షాపు సూర్యప్రభ భర్త శ్రీరామమూర్తిది. ముప్పై ఏళ్ల కిందట తెనాలి నుంచి వచ్చి పెట్టాడు. సాధన అక్కడ ఆరేళ్లుగా డీటీపీ పని చేస్తోంది.

సూర్యప్రభ చెప్పులు విప్పకుండానే గల్లాపెట్టె పక్కనున్న పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇది నువ్వేసిందేనా అమ్మాయ్?"

 అది సాధన ఖాళీ సమయాల్లో బొమ్మలు గీసి, కథ రాసి, షాపు మెషీన్ మీదే అచ్చేసుకున్న పన్నెండు పేజీల కామిక్. పేరు 'తూనీగ'. అందులో తూనీగ మొదట గూఢచారి. కోటలాంటి దొర ఇంట్లో, గడీలో, చీపురు పట్టుకుని తిరుగుతూ, లోపల మాట్లాడుకున్న రహస్యాలన్నీ బయట దాక్కున్న, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు చేరవేస్తుంది. తర్వాత ఆమెకు నాలుగు గాజు రెక్కలు మొలుస్తాయి. ఇక ఆమె హైదరాబాద్ మీద ఎగురుతూ ఆపదలో ఉన్నవాళ్లను కాపాడుతుంది.

"నేనే వేసిన మేడం. సారుకు చెప్పే ప్రింట్ తీసుకున్న."

"అబ్బే, దాని గురించి కాదే. మా మనవరాలు తన్మయి ఈ పుస్తకం చినిగేదాకా చదివింది. ఆదివారం మా కాలనీ పార్కులో పిల్లలకు రంగుల పోటీ. పోయినేడు ఇంటర్నెట్‌లో తీసిన బొమ్మలిస్తే సగం మంది 'ఇది మా స్కూల్లో వేసేశాం ఆంటీ' అని మొహం తిప్పుకున్నారు. ఎవరూ చూడని బొమ్మలు కావాలి. ఈ తూనీగవి ఆరు పేజీలు రంగులేసుకునేలా చేసిస్తావా?"

సాధన లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె చేత పెళ్లిపత్రికలూ, అద్దె ఒప్పందాలూ, హాల్‌టికెట్లూ చేయించుకున్నవాళ్లే తప్ప ఒక బొమ్మ గీసి పెట్టమన్నవాళ్లు లేరు. లోపలి నుంచి శ్రీరామమూర్తి తల బయటపెట్టి, "ఆదివారానికి అవుతుందా అమ్మా? లేకపోతే ఇప్పుడే చెప్పెయ్, మొహమాటపడకు" అన్నాడు.

"అయితది సార్" అంది సాధన.

రంగులేసే బొమ్మ చేయడమంటే కామిక్ బొమ్మను యథాతథంగా అచ్చేయడం కాదని ఆమెకు శుక్రవారం పొద్దున్నే తెలిసొచ్చింది. కామిక్‌లో ఆమె నలుపు బాగా వాడింది. గడీ గోడల నీడలు, చెట్ల చీకటి, తూనీగ జుట్టు అన్నీ చిక్కటి నలుపు. పిల్లలు రంగు వేయాలంటే ఆ నలుపంతా ఖాళీ చేయాలి, తెగిన గీతలన్నీ కలపాలి. మొదటి పేజీకి రెండున్నర గంటలు పట్టింది. రెండోది గంటన్నరలో అయింది. మూడో పేజీలో తూనీగ మెట్రో స్తంభాల మధ్య నుంచి రెక్కలు చాచుకుని దూసుకుపోతుంటే సాధనకు తన చెయ్యి తన మాట వినకుండా పరుగెడుతున్నట్టు అనిపించింది. భోజనం డబ్బా మూత సాయంత్రం దాకా తీయలేదు. కడపటిది, ఆరో పేజీ, తూనీగ గడీ గోడ మీంచి ఎగిరి దూకే బొమ్మ.

శనివారం పొద్దున పేజీలు అచ్చుకు పట్టుకెళ్లబోతూ వాటిని ఒకసారి బాలమ్మకు చూపించింది. బాలమ్మ సాధనకు నాయనమ్మ, ఎనభై ఎనిమిదేళ్లు. మన్సూరాబాద్‌లో రెండు గదుల ఇంట్లో నవారు మంచం మీద కూర్చుని గోంగూర తుంపుతోంది. చిన్నప్పుడు ఊళ్లో దొర గడీలో ఊడ్చిన పిల్ల, సంఘం వాళ్లకు కబుర్లు మోసిన పిల్ల, వాళ్ల నోట తూనీగ అని పేరు పడ్డ పిల్ల ఆవిడే. ఆ కథ సాధన చిన్నతనంలో నూరుసార్లు విన్నది. అయితే కామిక్ అచ్చయినప్పుడు బాలమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "అంత నల్లగుంది బిడ్డా, నాకేం అవుపడ్తలేదు" అని పక్కన పెట్టేసింది.

ఈసారి నలుపు లేదు. తెల్లకాగితం మీద లావు గీతలే ఉన్నాయి. బాలమ్మ ఒక్కో పేజీ తిప్పుతూ వేలితో గీతల వెంట పోయింది. రెక్కలు చూసి నవ్వింది. ఆరో పేజీ దగ్గర వేలు ఆగింది.

"గీమె ఏంది, గోడ దుంకుతున్నది?"

"నువ్వే అవ్వా. గడీల నుంచి బయటికొస్తున్నవ్."

"నేనెప్పుడు దుంకిన గోడ? రెండు నిలువుల గోడ అది. నేను దర్వాజ నుంచే ఒచ్చిన."

"రాత్రి పూట కదా?"

"రాత్రి ఆడపోరి బయట తిరిగితే పట్టుకోరా? పట్టపగలు ఒచ్చిన. నెత్తి మీద పెండ గంప. దర్వాజకాడ జవాను తుపాకి పట్టుకొని నిలబడ్డడు. ఆని మొఖం చూసుకుంట, ఆని ముంగట నుంచే ఒచ్చిన."

సాధన మంచం అంచున కూర్చుండిపోయింది. నూరుసార్లు విన్న కథలో ఈ ముక్క ఒక్కసారీ లేదు. గోడ దూకడం తన ఊహేనని ఇప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడెప్పుడో అనుకున్నది, అనుకోగా అనుకోగా నిజమైపోయింది.

"మరి కబురు చీటీ యాడ దాచినవ్? గంపలనా? కొప్పులనా?"

బాలమ్మ గోంగూర కాడ విరుస్తూ, "పోరగాండ్లను చెప్పనియ్యి. ఆళ్లు చెప్పలేకపోతే నేనే చెప్త" అంది. ఎంత బతిమాలినా ఇంకో మాట ఊడిపడలేదు.

సాధన షాపుకు పోయి గోడ బొమ్మ పక్కన పడేసింది. మధ్యాహ్నం దాకా కూర్చుని కొత్తది గీసింది. పెద్ద చెక్క దర్వాజా, మీసాల జవాను, భుజాన తుపాకీ, వాడి ముందు నుంచి నెత్తిన గంపతో నడిచిపోతున్న పదేళ్ల పిల్ల, ఒట్టి కాళ్లు. రెక్కలు లేవు. కింద ఒక వాక్యం రాసింది: తూనీగ కబురు ఎక్కడ దాచింది? ఆ చోటికి మీకు నచ్చిన రంగు వేయండి.

శ్రీరామమూర్తి కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. "బొమ్మ బానే ఉందమ్మా. కానీ రెక్కల పేజీలు ఐదుండగా పిల్లలు ఈ పేడగంప జోలికి వస్తారంటావా? దీన్ని నలభై తీద్దాం. మిగతావి నూరేసి."

ఆదివారం తొమ్మిదింటికి ఎల్బీనగర్ వెనక కాలనీ పార్కు నిండిపోయింది. వేప చెట్ల కింద చాపలు, చాపల మీద పిల్లలు, పిల్లల చుట్టూ క్రేయాన్ డబ్బాలు, స్కెచ్ పెన్నులు, నీళ్ల సీసాలు. సాధన బాలమ్మను ఆటోలో తీసుకొచ్చి స్టేజి పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎవరో ముసలావిడ ఎండకు సేద తీరుతోందనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

పేజీలు బల్ల మీద ఆరు దొంతులుగా పెట్టారు. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోవచ్చు. పిల్లలు మిడతల దండులా వచ్చిపడ్డారు. మెట్రో పేజీ పది నిమిషాల్లో సగమైంది. చార్మినార్ మీద వాలిన తూనీగ కోసం ఇద్దరు అబ్బాయిలు జుట్లు పట్టుకున్నారు. ఆరో దొంతి మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. సాధన దాని వైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది. నాయనమ్మ కుర్చీలోంచి ఆ దొంతినే చూస్తోందేమోనని ఆమె భయం.

అప్పుడు తన్మయి వచ్చింది. ఏడేళ్ల పిల్ల, ముందు రెండు పళ్లు లేవు. దొంతుల మీద చెయ్యి ఆడిస్తూ ఆరో దాని దగ్గర ఆగి, కింద రాసింది కూడబలుక్కుని పైకి చదివింది. "తూ-నీ-గ క-బు-రు ఎక్కడ దా-చిం-ది."

"గంపలో" అన్నాడు పక్కనున్న పిల్లాడు తలెత్తకుండానే.

"గంపలో అయితే ఆ పోలీస్ అంకుల్ వెతికేస్తాడు కదా."

"అయితే జడలో."

"జడ కూడా చూస్తాడు. చెప్పుల్లో దాచిందేమో."

"చెప్పులే లేవు చూడు ఆమెకి."

నలుగురు చేరారు, ఎనిమిదిమందయ్యారు. మెట్రో పేజీ సగం రంగు వేసినవాడు దాన్ని చాప మీదే వదిలేసి వచ్చాడు. గాజుల్లో అని ఒకరు, పంటి కింద అని ఒకరు, పేడ లోపల అని ఇంకొకరు. పేడ అనగానే అందరూ ముక్కులు మూసుకుని విరగబడి నవ్వారు. నలభై పేజీలూ ఐదు నిమిషాల్లో పోయాయి. చేతికి అందని పిల్లలు బల్ల చుట్టూ గోల. సూర్యప్రభ మొగుడి వైపు తిరిగి, "చూస్తారేంటండీ, వెళ్లి ఇంకో నూరు తీసుకురండి" అంది. శ్రీరామమూర్తి స్కూటర్ తాళాలు వెతుక్కుంటూ పరుగెత్తాడు. ఆ పరుగు చూసి సాధనకు నవ్వాగలేదు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఎందుకో తెలియలేదు.

ఆయన తిరిగొచ్చేసరికి పదకొండు కావొస్తోంది. రెండో విడత పిల్లలు కూడా వేయడం ముగించాక తన్మయి తన పేజీ ఊపుకుంటూ సాధన దగ్గరికి వచ్చింది. జవాను మీసాలకు ఆకుపచ్చ, గంపకు ఊదా వేసింది.

"అక్కా, ఆన్సర్ ఏంటి?"

"నాకు తెల్వదు" అంది సాధన నిజాయితీగా.

"బొమ్మ మీరే కదా వేశారు."

"బొమ్మ నేనేసిన. కానీ పని చేసింది ఆమె." సాధన కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "తూనీగ ఆమెనే. మా అవ్వ."

పిల్లలందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. తెల్ల జుట్టు, నీలం నేత చీర, ఒళ్లో స్టీలు గ్లాసు. కుర్చీ చుట్టూ నేల కనపడకుండా కూర్చున్నారు. వెనకవాళ్లు మోకాళ్ల మీద లేచారు.

"కాగితం ఎక్కడ పెట్టావు అవ్వా?" తన్మయి అడిగింది.

"కాగితం లేదు బిడ్డా. నాకు సదువు రాదు. రాసేటోళ్లు ఎవరు, సదివేటోళ్లు ఎవరు?"

"మరి కబురు?"

"పాట కట్టిన." బాలమ్మ గ్లాసు సాధన చేతికిచ్చి గొంతు సవరించుకుంది. "దొర లోపల మాట్లాడుతుంటే నేను వసారా ఊడుస్తున్న. ఊడ్చుకుంటనే కట్టిన. జవాను ముంగట పాడుకుంట పోయిన. బాయికాడ నీళ్లు తోడుతున్నట్టు ఒకాయన నిలబడ్డడు. ఆయన విన్నడు. మీరు గూడ వినుండ్రి, నేను ఏం చెప్పిన్నో చెప్పుండ్రి."

బాలమ్మ పాడింది. సన్నని గొంతు, అయినా ఎక్కడా జారలేదు.

"ఎల్లుండి పొద్దుకు ఏడెడ్లు ఒస్తయి
తూరుపు బాటంత దుమ్ము లేపొస్తయి
సద్ది మూట గట్టుకో సాయన్న
పడమటి గుట్టకు పోవన్న"

ఈ పాట సాధనకు తెలుసు. తనను నిద్రపుచ్చిన పాట అది. ఎడ్ల పాట అనుకుంది ఇన్నేళ్లూ.

"ఎడ్లంటే ఆవులా?" ఎవరో అడిగారు.

"ఎడ్లు కాదురా, పోలీసులు. ఏడుగురు పోలీసులు" చార్మినార్ పేజీ పిల్లాడు అందుకున్నాడు.

"ఎల్లుండి వస్తారని."

"ఈస్ట్ నుంచి వస్తారు. తూర్పంటే ఈస్టే."

"అందుకని వెస్ట్‌కి పొమ్మంది. అన్నం కట్టుకుని కొండ మీదికి పారిపొమ్మంది" తన్మయి లేచి నిలబడి అరిచేసింది. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ తల్లులు కూడా కొట్టారు.

"పోయిండ్రా అవ్వా వాళ్లు?" ఒక పిల్లాడు అడిగాడు.

"పోయిండ్రు. ఏడుగురు ఒచ్చి చూస్తే పొయ్యిల బూడిద తప్ప ఏం లేదు."

"నీకు భయం కాలేదా?"

"ఎందుకు కాలే. కాళ్లు వణికినయి. వణుకు గొంతులకు రావొద్దని ఇంక గట్టిగ పాడిన. జవాను ఏమన్నడో తెల్సా? మంచిగ పాడుతున్నవ్ పోరీ, రేపు గూడ పాడు అన్నడు."

పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. తన్మయి మాత్రం నవ్వకుండా తన పేజీ మీద ఆ ఒట్టి కాళ్లను చూస్తోంది. "చెప్పులు ఎందుకు వేసుకోలేదు?" అంది.

"దొర ముంగట మాలాంటోళ్లను ఏసుకోనియ్యకపోయేది బిడ్డా."

ఆ పిల్లకు ఎంత అర్థమైందో తెలియదు. చాప దగ్గరికి పోయి, ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చుకుని, బొమ్మలోని కాళ్లకు చెప్పులు గీసింది. పట్టీలు కూడా పెట్టింది. తర్వాత పేజీ బాలమ్మ ఒళ్లో పెట్టి సంతకం చేయమంది.

"నాకు సంతకం రాదు. ఏలిముద్రనే."

అదింకా బాగుందని పిల్లల తీర్మానం. తన్మయి ఆ ఎర్ర పెన్నుతోనే ఆమె బొటనవేలికి రంగు పూసింది. బాలమ్మ కాగితం మీద వేలు ఒత్తింది. అంతే, వరస కట్టారు. ఒకడు ఆకుపచ్చ పూశాడు, ఒకతి నారింజ. వేలు చాలక రెండో చేతికి పోయారు. పోటీలో బహుమతులెవరికో సూర్యప్రభ మైకులో చెబుతోంది గానీ, గెలిచిన పిల్ల కూడా వరసలోనే నిలబడింది. శ్రీరామమూర్తి ఖాళీ పేజీ ఒకటి పట్టుకుని చివర చేరాడు. "మా షాపులో గోడకు పెడతానమ్మా" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

ఇంటికొచ్చాక సాధన బేసిన్‌లో నీళ్లు, సబ్బు తెచ్చి నాయనమ్మ వేళ్లు తోమింది. ఎరుపు పోయింది, ఆకుపచ్చ పోయింది. గోరు సందున ఊదా రంగు మాత్రం కదల్లేదు.

"ఉండనియ్యి" అంది బాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని. "కాగితం, పెన్సిల్ పట్టుకొని రా. ఆ పాట ఒక్కటే అనుకున్నవా? ఇంక నాలుగున్నయి."

సాధన చేతులు తుడుచుకోకుండానే లోపలికి పరుగెత్తింది.