ఊపిరాడని గది

వంటక్కను కింది గదిలోంచి నలుగురం మోసుకొచ్చి డెక్ మీద పడుకోబెట్టాం. చాలాసేపటికి కళ్లు తెరిచి, "పొయ్యి ఆర్పారా?" అంది. మాకు ఏడుపు కూడా రాలేదు. అంత అలసిపోయి ఉన్నాం.

అది విహారానికి తిప్పే పడవ. నేను అందులో గదులు ఊడ్చేదాన్ని. పైన పద్దెనిమిది గదులు, గదికో మరుగుదొడ్డి. ఆ మురుగంతా అడుగున ఉన్న ట్యాంకులో చేరుతుంది. ట్యాంకు పక్కనే మా పదకొండుమంది పడకలు. ట్యాంకులోని గాలి పోయే గొట్టం ఇదివరకు పై అంతస్తు పక్కన ఉండేది. అతిథులు ముక్కు మూసుకున్నారని యజమాని దాన్ని కోయించి, మూతిని మా గదిలోకి తిప్పించాడు.

కోసింది పడవలో గొట్టాల పని చూసే మా పైపులన్నే. వంటక్క పక్కన కూలబడిపోయాడు.

"నా చేతుల్తోనే కోశానక్కా."

"ఏడుపు తర్వాత. దారేంటో చెప్పు," అంది బట్టలుతికే పెద్దమ్మ.

"రెండు లావు గొట్టాలు, వంకర లేకుండా నేరుగా పైకప్పు దాకా వెయ్యాలి. గాలి బాగా ఆడితే మురుగు ఇంత కంపు కొట్టదు. కానీ వాటి దారికి పైన ఒక గది తీసెయ్యాలి."

సాయంత్రం ఉతికే గదిలో తడిబట్టల మధ్య కూర్చున్నాం. బల్లలు తుడిచే తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"పని పోతే? ఇంట్లో ముగ్గురు పిల్లలు."

"వాళ్లకి తండ్రి కావాలా, జీతం కావాలా?" అంది పెద్దమ్మ.

"రెండూ కావాలి!"

"అయితే పద, రెండూ అడుగుదాం."

మర్నాడు అడిగాం. యజమాని నవ్వాడు. "మురుగు పనోళ్లకి కంపు కొత్తా?"

"మురుగు మీ అతిథులది బాబూ. పీల్చడమే మా వంతు," అంది పెద్దమ్మ.

"గది తియ్యను. ఇష్టముంటే ఉండండి, లేదంటే దిగిపోండి."

దిగాం. దిగేముందు పైపులన్న ఆ గొట్టం మూతి బిగించేశాడు. గాలి పోయే దారి లేక పైన మరుగుదొడ్లు పొంగాయి. పడవ కదల్లేదు. పెట్టెలతో వచ్చిన అతిథులు ఒడ్డునే నిలబడిపోయారు.

పోలీసులొచ్చి పైపులన్న రెక్క పట్టుకున్నారు.

"ఒక్కడి బుద్ధి కాదయ్యా అది. పదకొండుమందిమీ కూర్చుని తేల్చాం, అలాగే రాసుకో," అంది పెద్దమ్మ.

వాళ్లేమీ రాసుకోలేదు. అతన్నొక్కణ్ణే జీపెక్కించారు. జీపు వెనక కొంతదూరం పరిగెత్తి, ఆయాసపడుతూ వెనక్కొచ్చి పడవ ఎక్కే మెట్లకు అడ్డంగా కూర్చున్నాం.

యజమాని పక్క పడవ పైపుల మనిషిని పిలిపించాడు. నెరిసిన జుట్టు, భుజాన పనిముట్ల సంచి. మమ్మల్ని దాటుకుని, ఎవరి మొహమూ చూడకుండా కిందికి దిగాడు. మేం ఆపలేదు. ఆపే ఓపిక లేదు.

కాసేపటికి పైకొచ్చాడు.

"తెరిచావా?" అన్నాడు యజమాని.

"ఆ గదిలో మనుషులు పడుకుంటారా?"

"నీకెందుకు?"

అతను సంచి మళ్లీ భుజానేసుకున్నాడు. మెట్లు దిగి మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మా పడవలోనూ ఇంతే. మావాళ్లు తొమ్మిదిమంది. పిలుచుకు రానా?"

"రమ్మను నాయనా," అంటూ పెద్దమ్మ పక్కకు జరిగింది. మేమందరం జరిగాం.